1954 మోరిస్ మైనర్: కుడివైపు ట్రాఫికేటర్ కాయిల్ కాలిపోయింది. వేరేది వెతకాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా?

మైనర్54:

మా నాన్నగారి కారు మోరిస్ మైనర్, సిరీస్ 2. 1954 మొదట్లో తయారైంది. రెండు పలకల ముందు అద్దం, 803 సీసీ ఇంజను, తేనెపట్టులాంటి గళ్ల గ్రిల్, డ్రైవరుకు ఎదురుగా స్పీడోమీటరు. అదే ఏడాది అక్టోబరు నుంచి గ్రిల్‌కు అడ్డపట్టీలు వచ్చాయి, స్పీడోమీటరు డ్యాష్‌బోర్డు మధ్యకు జరిగింది. మాది దానికి ముందుది.

మూడేళ్లుగా దీని పని నేనే చేస్తున్నాను. అడుగు రేకులు మార్చాను. బ్రేకు సిలిండర్లన్నీ గుంటలు పడిపోతే లోపల స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవులు వేయించాను. ఇంజను నడుస్తోంది. అందరూ భయపెట్టిన ముందు అద్దమే అన్నిటికన్నా తేలిగ్గా అయిపోయింది. రెండూ చదును పలకలే కాబట్టి అట్టముక్క మీద ఆకారం గీసి ఇస్తే లామినేటెడ్ గాజు కోసి ఇచ్చారు. 1956లో వచ్చిన మైనర్ 1000 అయి ఉంటే దానిది ఒకే వంపు అద్దం, ఈ పని కుదిరేది కాదు.

నేను ఆగిపోయింది ట్రాఫికేటర్ దగ్గర. తెలియనివారికి ఒక మాట చెబుతాను. ఇప్పటి కార్లకు మిణుకుమిణుకుమనే లైట్లు ఉంటే, ఈ కారుకు చేతులు ఉంటాయి. ముందు తలుపు వెనక స్తంభంలో నిలువుగా ఒక గాడి ఉంటుంది. మీట తిప్పగానే లోపలి కాయిల్‌కు (రాగి తీగ చుట్టకు) కరెంటు అంది అది ఒక ఇనుప కడ్డీని లాగుతుంది; ఆ లాగుడుకు గాడిలోంచి జానెడు పొడవున్న నారింజ రంగు చేయి లేచి అడ్డంగా నిలుస్తుంది, లోపల బల్బు వెలుగుతుంది. మలుపు తిరిగాక మీట సరిచేస్తే తన బరువుకే కిందికి వాలి గాడిలోకి వెళ్లిపోతుంది.

మా కారులో కుడి చేయి నా చిన్నప్పటి నుంచీ మొరాయించేది. నాన్న స్తంభాన్ని లోపలివైపు అరచేత్తో ఒక్కటి చరిచేవారు. అప్పుడు లేచేది. వెనక సీట్లో కూర్చుని ఆ చప్పుడు కోసం ఎదురుచూసేదాన్ని. ఏళ్ల తరబడి చరిచి చరిచి ఆ చోట పెయింటు పోయింది. అంచుల్లో ఎర్రని ప్రైమరు, మధ్యలో నున్నటి ఇనుము కనిపిస్తాయి. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ మచ్చ మీద ఎవరినీ పెయింటు వేయనివ్వలేదు.

గత వారం రెండు ట్రాఫికేటర్లనూ విప్పి బల్ల మీద పెట్టి 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా కలిపాను. ఎడమది టక్కున లేచింది. కుడిదాంట్లోంచి ముందు కాలిన వార్నిష్ వాసన, తర్వాత సన్నని పొగ. వెంటనే తీసేశాను. మల్టీమీటరు పెడితే కుడి కాయిల్ రీడింగు ఎడమదాంట్లో మూడోవంతు కూడా లేదు. లోపలి చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయని అనుకుంటున్నాను. పైగా చేయి మీది నారింజ ప్లాస్టిక్ రెండుగా పగిలింది, బల్బుకు వెళ్లే సన్న తీగ ఇరుసు దగ్గర తెగింది.

మైనర్‌దేనని చెప్పి అమ్మిన ఒక పాత ట్రాఫికేటర్ తెప్పించాను. అది 6 వోల్టులది. మా గాడికన్నా రెండు సెంటీమీటర్లు పొడవు కూడా. అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు. పెయింటు పని చేసే మెకానిక్ ఆ గాడులు రెండూ పూడ్చేసి లైట్లు పెట్టించుకోమంటున్నాడు. నాకు ఇష్టం లేదు.

సరైనది ఎలా వెతకాలి? లేదా ఈ కాయిల్‌ను మళ్లీ చుట్టించవచ్చా? అలా చుట్టినవారు ఉంటే దయచేసి వివరంగా చెప్పండి. నా చేతిలో ఉన్న ఈ ఒక్కదాన్నీ పాడుచేసుకుంటానేమోనని భయంగా ఉంది.

నట్టుబోల్టు:

వెతకడం గురించి నాకు తెలిసింది చెబుతాను. చుట్టడం గురించి తెలిసినవారు చెప్పాలి.

కారు పేరుతో వెతకవద్దు, వస్తువు తయారుచేసిన కంపెనీ సంఖ్యతో వెతకండి. మోరిస్ సంస్థ ట్రాఫికేటర్లు చేయలేదు, బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ చేసింది. కార్బ్యురేటరు ఎస్‌యూది, బ్రేకులు లాక్‌హీడ్‌వి, స్పీడోమీటరు స్మిత్స్‌ది. ఈ కంపెనీలు డజన్ల కొద్దీ ఇతర కార్లకూ ఇవే వస్తువులు అమ్మాయి. మీ ట్రాఫికేటర్ రేకు మీద మురికిని మెత్తటి గుడ్డతో తుడిచి చూడండి. మోడల్ గుర్తు, వోల్టేజి, తయారైన నెల, సంవత్సరం అచ్చు గుద్ది ఉంటాయి. మైనర్‌కు సాధారణంగా వచ్చేది ఎస్‌ఎఫ్80. ఆ గుర్తుతో, 12 వోల్టులు అన్న మాటతో అడగండి. డబ్బు పంపేముందు ఆ అచ్చు కనబడేలా ఫోటో, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో అడిగి తీసుకోండి. ఇవి పంపడానికి నసిగేవారి దగ్గర నేను ఏదీ కొనను.

తయారైన తేదీ అచ్చు ఇంకో రకంగానూ పనికొస్తుంది. మీ కారుది 1954 అయి, ట్రాఫికేటర్ మీద 1953 చివరి తేదీ ఉంటే అది కారుతో పుట్టినదే. అలాంటప్పుడు నేనైతే వేరేదాని జోలికి పోను.

ఇంజను భాగాలకూ ఇదే దారి. 1952లో ఆస్టిన్, మోరిస్ సంస్థలు కలిసి బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) అయ్యాక ఆస్టిన్ ఏ30 ఇంజనునే మైనర్‌కు పెట్టారు. అందుకే ‘2ఏ’తో మొదలయ్యే ఆస్టిన్ సంఖ్యలు మీ ఇంజనులోనూ కనిపిస్తాయి. ఏ30 పేరుతో వెతికితే మైనర్ పేరుతో దొరకనివి దొరుకుతాయి. కార్బ్యురేటరు మాత్రం అలా కలవదు: ఏ30కి జెనిత్ పెట్టారు, మైనర్‌కు ఎస్‌యూ. బేరింగులకైతే కారు పేరుతోనే పనిలేదు. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, వెడల్పు కొలిచి తీసుకెళితే చాలు.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. మీ మెకానిక్ గాడులు పూడ్చమనడం తప్పు, కానీ అతని భయం తప్పు కాదు. స్తంభంలోంచి లేచే చేయి అంటే ఏమిటో ఇవాళ రోడ్డు మీద చాలామందికి తెలియదు. వెనక వచ్చే మోటారు సైకిలు అతను మీ వెనక దీపాలనే చూస్తాడు. కారుకు ఒక్క రంధ్రం కూడా వేయకుండా ముందు సైడు లైట్లలో రెండు ఫిలమెంట్ల బల్బులు, వెనక బ్రేకు లైట్లకు ఒక రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పెట్టి మిణుకు లైట్లు కూడా అమర్చుకోవచ్చు. చేయీ లేస్తుంది, లైట్లూ వెలుగుతాయి. రేపు వద్దనుకుంటే గంటలో తీసేయవచ్చు.

పాతలేత్:

అమ్మా, ఆ కాయిల్‌ను పారేయవద్దు, కోపంలో పీకవద్దు. మీ చేతిలో ఎడమది బాగుంది. అంతకన్నా పెద్ద వరం లేదు. నేను ముప్పై ఎనిమిదేళ్లు టూల్‌రూములో పనిచేశాను. కొలతలకు ఏ ఆధారమూ లేని ముక్కలు తెచ్చి ‘దీన్ని మళ్లీ చేయండి’ అనేవారు. మీకు జత ఉంది.

ముందు ఎందుకు కాలిందో చూడాలి. లేకపోతే కొత్తగా చుట్టినదీ కాలుతుంది. బ్యాటరీ కరెంటుతో నడిచే కాయిల్‌లో లోపలి ఇనుప కడ్డీ కదిలినా కదలకపోయినా కరెంటు అంతే వెళుతుంది. కాబట్టి చేయి బిగుసుకోవడం నేరుగా కాయిల్‌ను కాల్చదు. ఎక్కువసేపు మీట వేసి ఉంచడం కాలుస్తుంది. చేయి లేవకపోతే మీట వేసి ఉందన్న సంగతే డ్రైవరుకు గుర్తుండదు, నిమిషాల తరబడి అలాగే ఉండిపోతుంది. మీ కుడిదానికి జరిగింది అదే కావచ్చు. మీ నాన్నగారు చరిచినప్పుడు లేచిందంటే కాయిల్‌కు బలం ఉంది, ఇరుసో కడ్డీయో జిగురుపట్టి ఉంది. రెండోది, ఇంజనును కాస్త వేగంగా నడిపి బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడండి. 15 దాటుతుంటే డైనమో వోల్టేజిని అదుపులో ఉంచే కంట్రోల్ బాక్సును ముందు సరిచేయించండి. వోల్టేజి పెరిగితే వేడి దాని వర్గంతో పెరుగుతుంది. ఆ 6 వోల్టులదాన్ని మీరు 12కు కలపలేదు కదా? కలిపి ఉంటే నాలుగు రెట్లు వేడెక్కేది.

విప్పేటప్పుడు చేతిని వేలితో బలంగా బయటికి లాగవద్దు. మూసి ఉన్నప్పుడు మలుపుల్లో ఊగిపోకుండా దాన్ని ఒక చిన్న కొక్కెం పట్టి ఉంచుతుంది. కడ్డీని కొద్దిగా కదిపితే కొక్కెం వదులుతుంది. లాగితే విరుగుతుంది, అది విరిగితే కాయిల్ కన్నా పెద్ద పని. స్క్రూలన్నీ బీఏ (పాత బ్రిటిష్ కొలత) మరలవి. 2బీఏ వ్యాసం 4.7 మి.మీ., మర దూరం (ఒక మర నుంచి పక్క మరకు) 0.81. మెట్రిక్ 5 మి.మీ. స్క్రూకు మర దూరం 0.8. ఈ దగ్గరితనం చాలామందిని మోసం చేస్తుంది. మర కోణం బీఏలో 47.5 డిగ్రీలు, మెట్రిక్‌లో 60. రెండు చుట్లు తేలిగ్గా తిరిగి బిగుసుకుంటుంది, ఇంకా తిప్పితే పాత మర చీరుకుపోతుంది. తీసిన ప్రతి స్క్రూనూ అది వచ్చిన చోటు రాసిన కాగితానికి గుచ్చి పెట్టుకోండి.

ఇక కొలతలు. కాలిన కాయిల్ చుట్లు ఒక్కొక్కటిగా విప్పుతూ లెక్కపెట్టడం మంచిదే, కానీ కాలినచోట తీగ ముక్కలైపోతుంది, లెక్క తప్పుతుంది. అందుకని మూడు దారుల్లో కొలిచి చూడండి.

మొదటిది తీగ మందం. కాలని చోట జానెడు తీగ తీసుకుని దాని మీది ఎనామిల్ పూతను గరుకు కాగితంతో గీకకండి, రాగి అరిగి కొలత తగ్గుతుంది. సన్నని మంట చూపించి, మెత్తటి గుడ్డతో తుడిచి, స్క్రూ గేజితో నాలుగైదు చోట్ల కొలవండి.

రెండోది నిరోధం. దీన్ని ఎడమదాని మీద కొలవాలి. రెండింటినీ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున్నే కొలవండి. డిగ్రీకి రాగి నిరోధం దాదాపు 0.4 శాతం మారుతుంది, ఒకటి ఎండలో ఒకటి నీడలో ఉంటే లెక్క చెడుతుంది. మామూలు మల్టీమీటరు చిన్న ఓమ్‌ల దగ్గర తీగలను కూడా కలిపి చూపిస్తుంది. ముందు రెండు పిన్నులనూ ఒకదానికొకటి తాకించి, వచ్చినది తీసేయండి.

మూడోది బరువు. కాలిన కాయిల్ రాగి మొత్తాన్ని, ముక్కలతో సహా, తూకం వేయండి.

మూడూ ఒకదాన్నొకటి ఎలా సరిచూస్తాయో ఉదాహరణ చెబుతాను, అంకెలు మీవి కావు. తీగ 0.4 మి.మీ., నిరోధం 5 ఓమ్‌లు అనుకోండి. ఆ తీగ మీటరుకు 0.137 ఓమ్ ఇస్తుంది. అంటే పొడవు 36.5 మీటర్లు. అంత పొడవున్న ఆ తీగ బరువు 41 గ్రాములు రావాలి. మీ తూకం 40, 42 చూపిస్తే కొలత సరిగ్గా ఉన్నట్టు. 30 చూపిస్తే తీగ మందం తప్పుగా కొలిచారు, లేదా రాగి ఎక్కడో పోయింది. మూడు అంకెలూ కలిసేదాకా తీగ కొనకండి.

చుట్టడానికి మోటార్ల వైండింగ్ చేసేవారు చాలు. కానీ వారికి మూడు మాటలు చెప్పాలి. వరసకు వరస పక్కపక్కనే పడాలి; కుప్పగా చుడితే అన్ని చుట్లూ బాబిన్‌లో (తీగ చుట్టే ఉండెలో) పట్టవు. తీగను గుంజి చుట్టకూడదు. సన్న తీగ సాగితే మందం తగ్గి నిరోధం పెరుగుతుంది. చివరలకు స్లీవు తొడిగి, పైన నూలు టేపు చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. ఇవాళ దొరికే ఎనామిల్ తీగ ఆనాటిదానికన్నా ఎక్కువ వేడి తట్టుకుంటుంది. ఈ ఒక్క విషయంలో మీ కాయిల్ పాతదానికన్నా మెరుగవుతుంది.

బిగించేటప్పుడు కడ్డీకి, అది జారే గొట్టానికి నూనె వేయకండి. స్పిరిట్‌తో తుడిచి పొడిగా ఉంచండి. దశాబ్దాల కిందట ఎవరో వేసిన నూనె ఎండి బంకైపోవడమే చరిచే అవసరం తెచ్చింది. ఇరుసుకు మాత్రం కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. తెగిన బల్బు తీగ స్థానంలో మీకు దొరికేవాటిలో అతి సన్నని పోగులున్న, సిలికాన్ తొడుగు తీగ వేయండి. గట్టి తీగ వేస్తే ఇరుసు దగ్గర వంగి వంగి మళ్లీ తెగుతుంది, అంతకన్నా ముందు చేతిని కిందికి వాలనివ్వదు.

తప్పుగా వచ్చిన ఆ 6 వోల్టులదాన్ని కూడా ఉంచండి. పొడవు కుదరకపోయినా దాని నారింజ ప్లాస్టిక్ మీకు నమూనా. ఎప్పుడైనా దాన్ని 12కు మార్చాలంటే తీగ అడ్డుకోత సగం చేసి చుట్లు రెండింతలు చేస్తారు, అదే బాబిన్‌లో సరిపోతుంది. నిరోధం నాలుగు రెట్లవుతుంది, కరెంటు సగమవుతుంది, లాగే బలం మారదు.

మైనర్54:

పాతలేత్ గారూ, మీ జవాబును కాగితం మీద రాసుకుని బల్ల పక్కన అంటించాను. 6 వోల్టులదాన్ని బ్యాటరీకి కలపలేదు, అచ్చు చూసి ఆగిపోయాను. నట్టుబోల్టు గారూ, మీరు చెప్పినట్టే రేకు తుడిచి చూశాను. ఎస్‌ఎఫ్80, 12 వోల్టులు, 1953 నవంబరు. కారుతో పుట్టినదే. ఇక వేరేది వెతకను.

ఇంజను నడిపి వోల్టేజి కొలిచాను. 15.8 దాకా వెళ్లింది. కంట్రోల్ బాక్సును సరిచేసి 14.4కు తెచ్చాను. ఇన్నాళ్లూ బ్యాటరీలో నీళ్లు ఎందుకు తగ్గిపోతున్నాయో కూడా ఇప్పుడు అర్థమైంది.

ఇంకో సందేహం. తలుపు పిడులు రెండూ క్రోమియం పూత కింద బుడగలు లేచి, సూదిపొడుపుల్లాంటి గుంటలు పడ్డాయి. ఒకదాని మెడ దగ్గర సన్నని గీత కూడా ఉంది. ఇవి జింకు మిశ్రమంతో పోత పోసినవి కాబట్టి ‘తెగులు’ పట్టాయనీ, ఇక ముక్కలైపోతాయనీ ఒకరు చెప్పారు. నిజమేనా?

నికెల్‌పూత:

మీరు చెప్పిన లక్షణాలు తెగులువి కావు. రెండింటినీ కలిపి చెప్పేస్తుంటారు, దానివల్ల బాగుపడే భాగాలు ఎన్నో చెత్తలో పడుతున్నాయి.

జింకు తెగులు లోహం లోపలే పుడుతుంది. పోత పోసినప్పుడు జింకులో కొద్దిపాటి సీసం కలిసి ఉన్నా, ఏళ్లు గడిచేకొద్దీ తేమ తగిలి రేణువుల మధ్య సందులు తినుకుపోతాయి. భాగం ఉబ్బుతుంది, వంకర తిరుగుతుంది, ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చుతుంది, చివరికి వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. దానికి మందు లేదు. 1929లో న్యూజెర్సీ జింక్ కంపెనీ చాలా శుద్ధమైన జింకుతో జమాక్ మిశ్రమాన్ని తెచ్చింది. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి జర్మన్ పేర్ల తొలి అక్షరాలే ఆ పేరు. బ్రిటన్‌లో మజాక్ అన్నారు. శుద్ధి పాటించిన పోతలకు తెగులు రాదు. నేను తెగులును కళ్లారా చూసింది 1930ల నాటి ఒక కార్బ్యురేటరు మూతలో. స్క్రూ విప్పబోతే మూత స్క్రూ చుట్టూ బిస్కెట్టులా విరిగి వచ్చింది.

మీ పిడులది పూత కింది తుప్పు. క్రోమియంలో కంటికి కనబడని రంధ్రాల్లోంచి తేమ దిగి, జింకును తిని, తెల్లని పొడి చేసి, పూతను బుడగలా లేపుతుంది. ఇది బాగవుతుంది. పాత పూత అంతా తీయించాలి. ప్రతి గుంటనూ సన్నని డ్రిల్లుతో, కంటికి భూతద్దం పెట్టుకుని, తెల్లపొడి పోయి మెరిసే లోహం కనబడేదాకా శుభ్రం చేయాలి. రాగి పూత వేసి, గుంటల్లో టంకం నింపి, నున్నగా రుద్ది, మళ్లీ రాగి, ఆపైన నికెల్, చివర క్రోమియం. పూత వేసేవారిని ఒకటే అడగండి: మొదటి రాగి పూత దేంతో వేస్తారు? ఆమ్లపు రాగి ద్రావణంలో జింకును నేరుగా ముంచితే ద్రావణమే జింకును తినేస్తుంది. క్షార ద్రావణంలో పలుచటి రాగి పొర ముందు వేసి, తర్వాతే ఆమ్లపు రాగికి వెళ్లాలి. ఈ తేడా తెలియనివారికి మీ పిడులు ఇవ్వకండి.

మెడ దగ్గర గీత మాత్రం చూడాలి. పూత తీయించాక గీత లోహంలోకి దిగి ఉంటే ఆ పిడి మీద తలుపు బరువు లాగవద్దు. దాన్నే నమూనాగా తీసుకుని ఇత్తడిలో పోత పోయించండి. చల్లారేటప్పుడు ఇత్తడి దాదాపు ఒకటిన్నర శాతం కుంచించుకుంటుంది. ఉన్న పిడినే నేరుగా ఇసుకలో అచ్చు వేస్తే వచ్చే పిడి ఆ మేరకు చిన్నదవుతుంది, తాళం ఇరుసు రంధ్రం కలవదు. స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఆ శాతం పెంచి, మైనపు నమూనా ముద్రించి, దాని చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో పోత పోయడం ఇవాళ కుదిరే పని. లోపలి పలుచటి ప్లాస్టిక్ ముక్కలకు కూడా త్రీడీ ప్రింటు వాడుతున్నారు, కానీ పీఎల్‌ఏ (ఆ ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్) వద్దు. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో తలుపులు మూసిన కారుకు అది ఎక్కువేమీ కాదు.

మైనర్54:

నెల తర్వాత రాస్తున్నాను.

కాయిల్ విప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. బయటి వరసలు తేనె రంగులో నిగనిగలాడుతున్నాయి, లోపలికి వెళ్లేకొద్దీ గోధుమ రంగు, అట్టడుగున బొగ్గు. మొదటిసారి లెక్క వేస్తే పొడవుకూ బరువుకూ కలవలేదు, ఆరు గ్రాములు తేడా. పాతలేత్ గారు చెప్పిందే. స్క్రూ గేజి సున్నా దగ్గర నిలవడం లేదు. దాన్ని సరిచేసి మళ్లీ కొలిస్తే మూడు అంకెలూ కలిశాయి. అప్పుడే తీగ కొన్నాను.

మోటార్ల వైండింగ్ చేసే ఒకాయన చుట్టి ఇచ్చారు. ఇంత చిన్న బాబిన్ చేతికి ఇమడదని మొదట ఒప్పుకోలేదు. ఎడమదాన్ని బ్యాటరీకి కలిపి చేయి లేపి చూపించాను. మరో మాట మాట్లాడకుండా స్టూలు దగ్గరికి లాక్కున్నారు. వరసకు వరస, పక్కన నేను లెక్కపెడుతూ. వార్నిష్ ఆరాక రెండు కాయిళ్లనూ ఒకే గదిలో రాత్రంతా ఉంచి పొద్దున్నే కొలిస్తే ఓమ్‌లో పదోవంతు తేడా కూడా లేదు.

నారింజ ప్లాస్టిక్‌ను పాత ముక్కలు అతికించి నమూనాగా పెట్టుకుని, చెక్క అచ్చు మీద యాక్రిలిక్ పలక వేడిచేసి వంచాను. నాలుగు చెడిపోయాయి, అయిదోది కుదిరింది. రంగు పాతదానికన్నా కొంచెం ఎరుపు. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. మిణుకు లైట్లు కూడా రిలేతో పెట్టించాను.

నిన్న కారులో బిగించి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మీట తిప్పాను. చేయి లేచింది. చరచలేదు. అమ్మ మాత్రం నా మీదుగా చేయి చాచి ఆ స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తట్టింది. ఆ మచ్చకు పెయింటు వేయలేదు, తుప్పు పట్టకుండా మైనం రుద్దాను.

పిడులు పూతకు ఇచ్చాను. ముందు అడగమన్న ప్రశ్న అడిగాను. మొదటి దుకాణంవారు ఏదైతే ఏమిటన్నారు, రెండోవారు క్షార ద్రావణం తొట్టె దగ్గరికి తీసుకెళ్లి చూపించారు, వారికే ఇచ్చాను. మెడ గీత పూతలోదే, లోహంలోకి దిగలేదు.

ఎడమ ట్రాఫికేటర్ ఇరుసు దగ్గర కూడా బల్బు తీగ తొడుగు పగిలి రాగి కనబడుతోంది. ఆదివారం దాన్నీ విప్పుతున్నాను. సిలికాన్ తీగ అరమీటరు మిగిలి ఉంది, సరిపోతుంది.

పాతలేత్:

సరిపోతుంది. కొక్కెం జాగ్రత్త అమ్మా.